ఓడెక్కే సంచిలో కత్తెర, రేజరు, చాకు: బజారు సరుకులో ఏది కొనాలి, ఏది ఇంట్లో వదలాలి

ముందే తేల్చి చెప్తున్నాం. ఓడ ప్రయాణానికి కొనదగ్గ సామాను ముఖ్యంగా నాలుగు రకాలు: మొన గుండ్రంగా ఉన్న అయిదంగుళాల కత్తెర, లోపల చాకు లేని నెయిల్ కట్టర్, కార్ట్రిడ్జి రేజరు, వీటిని పెట్టుకోడానికి లోపలి వస్తువు కనబడే ప్లాస్టిక్ పౌచ్. ఫ్యాన్సీ షాపుల్లో జిప్పు పర్సులో అమ్మే పది పన్నెండు వస్తువుల మానిక్యూర్ సెట్టు, మడత చాకు, పేపర్ కట్టర్ ఈ పనికి డబ్బు దండగ. కడప వై.వి. స్ట్రీట్‌లోనైనా, అనంతపురం పాతూరులోనైనా, కర్నూలు పాతబస్తీలోనైనా దొరికే సరుకు ఇంచుమించు ఒకటే. ధరలోనూ పెద్ద తేడా లేదు. తేడా అంతా రేవులో ఎక్స్-రే యంత్రం ముందు తెలుస్తుంది.

ఈ సమీక్ష మూడు రకాల ప్రయాణికుల కోసం: చెన్నైలోనో ముంబైలోనో ఓడెక్కేవాళ్ళు, సింగపూర్ ప్యాకేజీలో రెండు మూడు రాత్రులు ఓడలో గడిపేవాళ్ళు, అమెరికాలో పిల్లల దగ్గరికి పోయి గాల్వెస్టన్‌లోనో మయామీలోనో ఓడెక్కే అమ్మానాన్నలు. మూడో రకం వాళ్ళు మన జిల్లాల నుంచి ఇప్పుడు బాగా పోతున్నారు. రేవులో పెట్టె ఆగిపోయేదీ ఎక్కువగా వాళ్ళదే. కొడుకో కూతురో టికెట్టు తీసిస్తారు గానీ, పెట్టె సర్దేది ఇక్కడ అమ్మగారే కదా.

విమానం లెక్క ఓడకు పనికిరాదు

"పదునైనవన్నీ చెక్-ఇన్ పెట్టెలో వేసేస్తే సరి" అన్నది విమానం ఎక్కే ప్రతివాళ్ళకూ కంఠతా వచ్చిన సూత్రం. ఓడ దగ్గర ఈ సూత్రం చెల్లదు. విమానంలో చెక్-ఇన్ పెట్టె సరుకుల అరలోకి పోతుంది, దిగేదాకా మీ చేతికి అందదు. ఓడలో అట్లా కాదు. రేవు దగ్గర కూలీకి అప్పగించిన పెట్టె సాయంత్రానికి మీ గది తలుపు ముందుకే వస్తుంది. పెద్ద పెట్టైనా భుజానికి వేసుకున్న సంచైనా రెండూ మీకు అందేవే కాబట్టి రెంటికీ ఒకటే ఎక్స్-రే, ఒకటే నిషేధాల జాబితా. చీరల అడుగున పెట్టినా, చెప్పుల్లో దూర్చినా యంత్రానికి తేడా లేదు. అట్లా పెడితే దాచినట్టు కనబడి ఇంకో నాలుగు ప్రశ్నలు అడుగుతారు, అంతే.

అంతర్జాతీయ సముద్రయాన సంస్థ తెచ్చిన ఐ.ఎస్.పి.ఎస్. కోడ్, అంటే ఓడల, రేవుల భద్రతా నియమావళి, 2004 జూలై 1 నుంచి అమల్లో ఉంది. ఓడకొక భద్రతా అధికారి, ఆమోదం పొందిన భద్రతా ప్రణాళిక ఉండాలనీ, ఎక్కే మనుషుల మీదా సామాను మీదా తనిఖీ ఉండాలనీ ఆ కోడ్ చెప్తుంది. కత్తెర ఎన్ని అంగుళాలుండాలో మాత్రం అందులో లేదు. ఆ అంకె ఓడ కంపెనీ రాసుకునేది. రాయల్ కరీబియన్ జాబితాలో చాకులన్నీ నిషేధం. కత్తెరకు బ్లేడు 4 అంగుళాల లోపుంటే అనుమతి, సేఫ్టీ రేజర్లకూ అనుమతి. అమెరికాలో నడిచే మిగతా పెద్ద కంపెనీల దగ్గరా ఈ 4 అంగుళాల అంకే తరచూ కనబడుతుంది.

అయితే ఓడ గేటు ఒక్కటే కాదు, దారిలో ఇంకా గేట్లుంటాయి. ఓర్వకల్లులోనో కడపలోనో బెంగళూరులోనో విమానాశ్రయం, మధ్యలో మారే విమానాశ్రయం, రేవు గేటు, ఆ తర్వాత ఓడ. యూరప్ విమానాశ్రయాల్లో చేతి సంచిలో కత్తెర బ్లేడు 6 సెంటీమీటర్లు దాటకూడదు. అమెరికాలో కత్తెరకు 4 అంగుళాల దాకా ఒప్పుకుంటారు గానీ చాకును చేతి సంచిలో అసలు ఒప్పుకోరు. చెన్నై లాంటి మన పెద్ద రేవుల్లో గేటు దగ్గర సి.ఐ.ఎస్.ఎఫ్. కాపలా ఉంటుంది. అంచేత కొనేటప్పుడు ఓడ కంపెనీ అంకెను పట్టుకుని "4 అంగుళాల దాకా పోతుందిలే" అనుకోవద్దు. దారిలో ఏ గేటు గట్టిదో దాన్ని బట్టి కొనాలి. ఆ లెక్కన 2, మహా అయితే 2¼ అంగుళాల బ్లేడు దాటిన కత్తెర అవసరమే లేదు.

కత్తెర

కొలత తెలియకే సగం గొడవ. అట్ట మీద "5 అంగుళాలు" అని ఉంటే అది పిడితో కలిపి మొత్తం పొడవు. లెక్కకు వచ్చేది మధ్యలో ఉన్న మర నుంచి మొన దాకా. స్కేలు పెట్టి చూస్తే అయిదంగుళాల కత్తెరకు బ్లేడు రెండు, రెండున్నర అంగుళాలే వస్తుంది. దర్జీలు వాడే ఎనిమిదంగుళాల కత్తెరకు అది నాలుగంగుళాల దగ్గరకు పోతుంది. కొలిస్తే లోపే వచ్చినా ఆ సైజు కత్తెరను చూడగానే పక్కన పెట్టేస్తారు. గీత మీద ఉన్న కొలతతో వాదించి గెలవడం ఓడ దగ్గర జరగని పని. తనిఖీ చేసే మనిషి చేతిలో స్కేలు ఉండదు, వెనక వరసలో రెండు వేలమంది ఉంటారు.

బజార్లో నాలుగు రకాలు దొరుకుతాయి. స్టేషనరీ షాపుల్లో పిల్లలకు అమ్మే ప్లాస్టిక్ పిడి కత్తెర మొన గుండ్రంగా ఉంటుంది, చవక. దీనికున్న జబ్బు మర వదులవడం. వదులైతే రెండు బ్లేడ్ల మధ్య సందు వచ్చి, పప్పుల పొడి ప్యాకెట్టు లాంటి వెండిరంగు కవరు తెగకుండా మడతపడుతుంది. కొనేటప్పుడే పలచటి క్యారీ బ్యాగు ముక్కను మొన దగ్గర పెట్టి కోసి చూడండి. పిడి దగ్గర ఏ కత్తెరైనా కోస్తుంది, మొన దగ్గర కోసేదే మంచిది. ఆ పరీక్ష నెగ్గితే అయిదుకు నాలుగు మార్కులు.

మందుల షాపులో దొరికే బ్యాండేజీ కత్తెర ఇంకా మేలు. ఒక బ్లేడు చివర చిన్న గుండులా ఉంటుంది, స్టీలు గట్టిది, మర గట్టిది. కాస్త పొడవుది కూడా అమ్ముతారు, మీరు చిన్నదే అడగండి. నాలుగున్నర మార్కులు.

మీసాల కత్తెర సన్నగా, సూదిమొనతో ఉంటుంది. బ్లేడు చిన్నదే, చాలా ఓడలు వదిలేస్తాయి. కానీ పౌచ్ చించుకుని బట్టల్లోకి దిగేది ఇదే, ఇన్‌స్పెక్టర్ వేలికి గుచ్చుకునేదీ ఇదే. మూత లేకుండా పెట్టొద్దు. మూడు మార్కులు. ట్రిమ్మర్ ఉన్నవాళ్ళకు ఇది ఎందుకో అర్థం కాదు.

మడత కత్తెర, అంటే పిడి మడిచి బ్లేడు లోపలికి దాచేది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మడిచినప్పుడు ఎక్స్-రే తెర మీద అది మడత చాకు ఆకారంలోనే కనబడుతుంది. పెట్టె తెరిపిస్తారు. పైగా నాలుగు కీళ్ళుంటాయి, ఏదో ఒకటి త్వరగా వదులవుతుంది. ఒకటిన్నర.

జిప్పు పర్సు మానిక్యూర్ సెట్టు

దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో కానుకగా ఇచ్చేదీ, ప్రయాణమనగానే పెట్టెలో వేసేదీ ఇదే. నల్ల రెక్సిన్ పర్సు, చుట్టూ జిప్పు, లోపల ఎర్రటి గుడ్డ, దాని మీద ఎలాస్టిక్ పట్టీల్లో దూర్చిన స్టీలు సామాను. తెరిచి బల్ల మీద వరసగా పెడితే ఇవి కనబడతాయి: పెద్ద నెయిల్ కట్టర్, చిన్న నెయిల్ కట్టర్, సూదిమొన కత్తెర, పట్టకారు, గోరు చర్మం వెనక్కి నెట్టే పలక, ఇంగ్లీషు వి అక్షరంలా చీలిన చర్మం గీకే పనిముట్టు, గోరుచుట్టు చర్మం కొరికే చిన్న కటింగ్ ప్లయరు, ఆకురాయి, గుబిలి తీసే పుల్ల, మొటిమలు గిల్లే సూది, కొన్నింట్లో కనుబొమల బ్లేడు.

వీటిలో ఓడలో అవసరమయ్యేవి నెయిల్ కట్టర్, పట్టకారు. మిగిలినవి తెర మీద చిక్కు తెచ్చేవి. ఎక్స్-రే తెర మీద లోహం నీలంగా, బట్ట, తిండి, కాగితం నారింజ రంగులో కనబడతాయి. పక్కపక్కనే, ఒకదాని మీద ఒకటి పది స్టీలు ముక్కలు మూసిన పర్సులో ఉంటే తెర మీద ఒక ముదురు నీలం ముద్ద వస్తుంది. అందులో కత్తి ఉందో ఆకురాయి ఉందో విడదీసి చూడడం ఎవరివల్లా కాదు. చూడలేనప్పుడు పెట్టె పక్కకు లాగుతారు. తప్పు వస్తువు లేకపోయినా ఆకారం తెలియక ఆగే పెట్టెల్లో ఇలాంటి పర్సులు, ఛార్జర్ల చుట్టలు, స్టీలు డబ్బాలు ఉంటాయి.

సరుకు నాణ్యత కూడా అంతంత మాత్రం. నెయిల్ కట్టర్ నోరు మూసి వెలుతురుకు ఎదురుగా పట్టండి. రెండు అంచుల మధ్య వెలుతురు గీత కనబడితే అది గోరు కోయదు, చించుతుంది. చవక సెట్లలో ఆ గీత కనబడనిది తక్కువ. పట్టకారును పలచని కాగితం అంచు మీద పెట్టి లాగండి, జారితే వెంట్రుకను అసలే పట్టదు. ఎలాస్టిక్ వదులైతే సామానంతా అడుగుకు జారి, జిప్పు సందులోంచి మొటిమల సూది బయటికి పొడుచుకొస్తుంది.

సెట్టు ఇంట్లోనే ఉంచి, విడిగా ఒక మంచి నెయిల్ కట్టర్, ఒక పట్టకారు కొనండి. సెట్టు ధరలో సగం కూడా కాదు. నెయిల్ కట్టర్ కొనేటప్పుడు ఒకటి చూడాలి: కొన్నింట్లో పిడి పక్క నుంచి చిన్న చాకు, సీసా మూత తీసే కొక్కెం బయటికి మడత విప్పుకుంటాయి. ఓడలో ఎవరూ పెద్దగా పట్టించుకోకపోయినా విమానాశ్రయంలో చేతి సంచిలో దొరికితే ఆ చాకు కోసం మొత్తం కట్టర్ పోతుంది. ఆకురాయి మాత్రమే ఉన్నది తీసుకోండి. సెట్టుకు ఒక మార్కు, అదీ పర్సు బాగుందని.

గడ్డం సామాను

కార్ట్రిడ్జి రేజరు, వాడి పారేసే రేజరు ఎక్కడా అడ్డురావు. జిలెట్ గార్డ్ లాంటి ఒక్క బ్లేడు కార్ట్రిడ్జిలు మన ఊళ్ళల్లో ప్రతి కిరాణా కొట్లోనూ ఉంటాయి. వారం ప్రయాణానికి ఒక పిడి, రెండు కార్ట్రిడ్జిలు చాలు. అయిదుకు అయిదు.

రెండు వైపులా పదునుండే పాత రకం బ్లేడు వాడేవాళ్ళు కొంచెం జాగ్రత్త పడాలి. ఓడకు రేజరు సమస్య కాదు. బ్లేళ్ళ పొట్లం మాత్రం విమానంలో చేతి సంచిలో పోదు, చెక్-ఇన్‌లోనే. విడి బ్లేడును కాగితంలో చుట్టి సబ్బుపెట్టెలో వేసే అలవాటు మానండి, పొట్లం సీలు తీయకుండా పెట్టండి. వాడిన బ్లేడును గదిలో చెత్తబుట్టలో వేస్తే శుభ్రం చేసే కుర్రాడి చెయ్యి తెగుతుంది. ఖాళీ మింట్ డబ్బాలో వేసుకుని వెనక్కి తెచ్చుకోవాలి, లేదంటే గది చూసే స్టివర్డ్‌ను పదును చెత్త వేసే డబ్బా అడగాలి. మంగలి కత్తి సంగతి చెప్పనే అక్కర్లేదు, పెట్టొద్దు.

ట్రిమ్మర్ అన్నిటికంటే హాయి. బ్యాటరీ వస్తువు కనుక విమానంలో చేతి సంచిలో పెట్టుకుంటే మంచిది. స్విచ్ తెలియక నొక్కుకుని పెట్టెలో గుర్రుమంటుంటే ఏ గేటు దగ్గరైనా తెరిపిస్తారు. లాక్ ఉన్న మోడల్ కొనండి.

చాకు, అడకత్తెర, కట్టరు

చీనీకాయ కోసుకోడానికి, మామిడికాయ ముక్కలు చేసుకోడానికి చిన్న చాకు పెట్టుకోవడం మనవాళ్ళకు బస్సు, రైలు ప్రయాణాల నుంచి వచ్చిన అలవాటు. కడపలో రైలెక్కి రేణిగుంట మీదుగా చెన్నై దిగేదాకా దాన్ని ఎవరూ అడగరు, అందుకే అది సంచిలో ఉందన్న సంగతే మరచిపోతారు. రేవులో బయటపడుతుంది. పండు తీసుకుపోవడమే చాలా రేవుల్లో ఒప్పుకోరు, దేశం దాటితే తాజా పండ్లకు కస్టమ్స్ నిబంధనలు వేరే ఉంటాయి. ఓడలో బఫే దగ్గర ముక్కలు కోసిన పండ్లు రోజంతా ఉంటాయి. గదికి కావాలంటే అక్కడే ప్లేటులో పెట్టించుకోవచ్చు. చాకుకు పని ఎక్కడుంది? ఎంత చిన్నదైనా, ప్లాస్టిక్ ఒర ఉన్నదైనా, పీలర్‌తో కలిపి సెట్టుగా అమ్మేదైనా మా మార్కు సున్నా.

కొన్ని కంపెనీలు చిన్న జేబు చాకును ఒప్పుకుంటాయి గనక విక్టోరినాక్స్ క్లాసిక్ లాంటి 58 మిల్లీమీటర్ల బుల్లి చాకు గురించి అడిగేవాళ్ళుంటారు. వస్తువుగా అది చాలా మంచిది, అందులోని కత్తెర మనం చూసిన చిన్న కత్తెరలన్నిటికంటే నిక్కచ్చిగా కోస్తుంది. అయినా ఓడ ప్రయాణానికి వద్దంటాం. ఒక కంపెనీ ఒప్పుకున్నది ఇంకో కంపెనీ ఒప్పుకోదు, పోతే దాని ఖరీదు తక్కువేం కాదు.

అడకత్తెర పెద్దవాళ్ళ సంచుల్లో ఇప్పటికీ కనబడుతుంది. ఇనుపది, బరువైనది, తెర మీద కటింగ్ ప్లయరుకీ కత్తెరకీ మధ్య రకంగా పడుతుంది, అదేమిటో అక్కడి సిబ్బందికి తెలియదు. వివరించి చెప్పాలంటే భాష అడ్డు. వక్కలు ఇంట్లోనే కత్తిరించి చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పోసుకుపోండి. సింగపూర్ మీదుగా పోయేవాళ్ళు ఆకువక్కతో పాటు నమిలే పొగాకు మాత్రం పెట్టుకోవద్దు, అక్కడ అది నిషేధం.

జరిపితే బ్లేడు బయటికొచ్చే పేపర్ కట్టర్ చెప్పక తప్పనిది. అమెరికా పోయేవాళ్ళు అట్టపెట్టెలకు టేపు చుట్టి, అక్కడ విప్పడానికి కట్టర్‌ను పెట్టె పక్క జేబులో వేస్తారు. పిల్లల ఇంటికి చేరాక అది ఆ జేబులోనే ఉండిపోతుంది, నెల తర్వాత అదే సంచి ఓడకు బయల్దేరుతుంది. కట్టర్‌ను ఏ ఓడా ఒప్పుకోదు. ఓడకు పోయే ముందు రోజు సంచుల బయటి జేబులన్నీ తిరగేసి దులపడం అన్నిటికంటే లాభసాటి పని.

సూదులు

పిన్నీసులు, చీర పిన్నులు, జడ పిన్నులు, కుట్టు సూదులు, ఊలు అల్లే సూదులు, క్రోషే కొక్కెం వీటి గురించి బెంగ అక్కర్లేదు. పిన్నీసుల గుత్తిని మంగళసూత్రానికో గాజుకో తగిలించుకునే అలవాటున్నవాళ్ళు మెటల్ డిటెక్టర్ దగ్గరకు రాకముందే తీసి పౌచ్‌లో వేస్తే చేతి తనిఖీ తప్పుతుంది. అంతకు మించి ఏమీ లేదు.

ఇన్సులిన్ సూదులది వేరే సంగతి, వాటికి అనుమతి ఉంది గానీ పద్ధతి ఉంది. డాక్టరు రాసిన చీటీ ఇంగ్లీషులో, మందు పేరుతో, పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే ఉండాలి. కడపలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో ఇంటిపేరు చివర, చీటీ మీద ఒట్టి ముద్దుపేరు ఉంటే ప్రశ్నలు తప్పవు. పెన్నులు, సూదులు మందుల షాపు అసలు డబ్బాతోనే పెట్టండి. విమానంలో ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ పెట్టె ఉండే చోట చలికి అది గడ్డకట్టి పాడైపోయే ప్రమాదముంది. ఓడ రేవులోనూ ఆ సంచిని కూలీకి ఇవ్వకూడదు, పెట్టె గదికి చేరేసరికి పూట గడిచిపోతుంది. రోజుకు ఎన్ని సూదులు కావాలో లెక్కేసి, రెండు మూడు రోజులకు ఎక్కువే పెట్టుకోండి. గదికి చేరగానే స్టివర్డ్‌ను సూదులు వేసే డబ్బా అడిగితే తెచ్చిస్తారు. వాడిన సూదికి టోపీ పెట్టి చెత్తబుట్టలో వేయడం సరిపోదు.

పౌచ్, సర్దే తీరు

కొనాల్సిన పౌచ్ ఖరీదైనది కాదు. పెన్సిళ్ళు పెట్టుకునే పారదర్శకమైన జిప్పు పౌచ్, ఆరు నుంచి తొమ్మిది అంగుళాల పొడవుది, స్టేషనరీలో దొరికేదే. ప్లాస్టిక్ మందంగా ఉండాలి. జిప్పు తలకాయ ప్లాస్టిక్‌ది అయితే ఇంకా మంచిది. గుడ్డ పౌచ్ వద్దు, తెరవకుండా లోపల ఏముందో కనబడదు.

కత్తెర మొనకు ఒర కావాలి. పాత పెన్ను మూత రెండు బ్లేళ్ళూ మూసి ఉన్నప్పుడు సరిగ్గా పడుతుంది. పట్టకపోతే అట్టముక్క మడిచి రబ్బరు బ్యాండు వేయండి. టేపు చుట్టొద్దు. ఇన్‌స్పెక్టర్ తెరిచి చూడాలంటే టేపు కోయడానికి ఇంకో కత్తెర వెతకాలి, అప్పటికే చిరాగ్గా ఉంటారు. పౌచ్‌లో అన్నీ పక్కపక్కన పరచినట్టు ఉండాలి, ఒకదాని మీద ఒకటి వద్దు.

ఇక ఎక్కడ పెట్టాలి? ఇంటి నుంచి విమానం దిగేదాకా పౌచ్ చెక్-ఇన్ పెట్టెలో. రేవుకు బయల్దేరే ముందు, హోటల్లోనో బంధువుల ఇంట్లోనో, దాన్ని తీసి చేతి సంచి పై అరలోకి మార్చండి. ఓడ కంపెనీ నిబంధన రెండు సంచులకూ ఒకటే కదా, ఏదైనా ప్రశ్న వస్తే మీరు పక్కనే ఉంటారు, అరనిమిషంలో తేలిపోతుంది. అదే పెద్ద పెట్టెలో ఉంటే కథ వేరు. పెట్టె గదికి రాదు. గదికి ఫోనో చీటీయో వస్తుంది. కింది డెక్‌లో భద్రతా సిబ్బంది ఉండే చోటికి వెళ్ళి, వరసలో నిలబడి, వాళ్ళ ముందు మీ చేత్తో పెట్టె తెరవాలి. తాళం చెవి భర్త దగ్గరుండి ఆయన బఫేలో ఉంటే ఇంకో గంట. ఆ సాయంత్రం బట్టలు, మందులు, కళ్ళజోడు అన్నీ ఆ పెట్టెలోనే.

స్టీలు డబ్బాల గురించి ఒక మాట. కారంపొడి, చెనిక్కాయల పొడి, ఊరగాయ స్టీలు డబ్బాలో పెడితే మూత గట్టిగా ఉంటుందన్న మాట నిజమే. కానీ ఎక్స్-రేకు మందపాటి స్టీలు డబ్బా నల్లగా పడి, కింద ఉన్నది కూడా కప్పేస్తుంది. దాని పక్కన కత్తెర ఉంటే రెండూ కలిసి అనుమానం. ఓడ కంపెనీ బయటి తిండికి అసలు ఒప్పుకుంటుందో లేదో టికెట్టు నిబంధనల్లో చూసుకుని, ఒప్పుకుంటే సీలు వేసిన ప్లాస్టిక్ ప్యాకెట్లే పెట్టండి. వాటిని కోయడానికి గుండ్రటి మొన కత్తెర చాలు.

పదును లేకపోయినా అదే జాబితాలో ఉండే మరికొన్ని వస్తువులు మన పెట్టెల్లో దొరుకుతుంటాయి. ఇస్త్రీ పెట్టె, నీళ్ళు కాచే రాడ్డు, కెటిల్, కొవ్వొత్తులు, అగరబత్తీలు. అన్నీ నిప్పు భయం వల్ల నిషేధం. దేవుడి పటం ముందు ఊదుబత్తి వెలిగించే అలవాటున్నవాళ్ళు ఆ నాలుగు రోజులూ పువ్వుతో సరిపెట్టుకోవాలి.

తీసేసుకుంటే

అభ్యంతరం చెప్పిన వస్తువును ఓడ ఉంచుకుని రసీదు ఇస్తే ప్రయాణం చివరి ఉదయం దిగేచోట తిరిగి ఇస్తారు. కొన్ని రకాలను తిరిగి ఇవ్వరు, పారేస్తారు. ఏది ఏ రకమో టికెట్టు ఒప్పందంలో రాసి ఉంటుంది. రసీదు ఇవ్వకపోతే అడగండి, ఇచ్చిన చీటీకి ఫోన్లో ఫోటో తీసుకోండి. ఆ మనిషితో గొంతు పెంచి లాభం లేదు, పై అధికారిని పిలిచినా జాబితా మారదు.

మధ్య రేవుల్లో దిగి ఊరు చూసి వెనక్కి వచ్చిన ప్రతిసారీ సంచి మళ్ళీ ఎక్స్-రేలోంచి పోతుంది. మొదటి రోజు దాటేసిన కత్తెర మూడో రోజు ఆగడం కూడా జరుగుతుంది, వేరే మనిషి చూస్తాడు గనక. పౌచ్‌ను గదిలోనే వదిలి దిగండి. మలేషియా రేవుల్లో కెరిస్ అనే వంకర బాకు బొమ్మలు, మెక్సికోలో కోజుమెల్ లాంటి చోట్ల అబ్సిడియన్ అనే నల్ల గాజురాయి కత్తులు గోడకు తగిలించుకునే వస్తువులుగా అమ్ముతారు. కొంటే ఓడ తలుపు దగ్గరే తీసి పెట్టేస్తారు, చివరి రోజు దాకా అది మీకు కనబడదు. బాకు కొనాలనే ఉంటే చివరి రేవులో కొనడం తక్కువ తంటా.

తిరుగు ప్రయాణంలో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. చివరి రాత్రి పెద్ద పెట్టెను గది బయట పెట్టేయమంటారు, అది ముందే రేవుకు దిగిపోతుంది. మరుసటి ఉదయం దిగేటప్పుడు ఓడ వాళ్ళు తిరిగి ఇచ్చిన చాకో కత్తెరో మీ చేతిలో ఉంటుంది, చేతి సంచిలో వేసుకుంటారు. గదిలో వాడుకున్న పౌచ్ కూడా ఆ సంచిలోనే. టాక్సీలో నేరుగా విమానాశ్రయం. రేవులో పెద్ద పెట్టె చేతికి రాగానే, టాక్సీ ఎక్కకముందే, పౌచ్‌నూ తిరిగి ఇచ్చిన వస్తువునూ దాంట్లోకి మార్చి తాళం వేయండి. పవర్ బ్యాంకు మాత్రం ఆ పెట్టెలోకి పోకూడదు, అది చేతి సంచిలోనే ఉండాలి.

చెన్నై నుంచో బెంగళూరు నుంచో ఇంటికి చిన్న విమానం పట్టుకునేవాళ్ళు చేతి సంచి మాత్రమే ఉన్న టికెట్టు తీసుకుంటే ఈ కత్తెరకు వెనక్కి వచ్చే దారే ఉండదు. అట్లాంటివాళ్ళు స్టేషనరీ షాపు చవక కత్తెరే కొని, దిగే రోజు స్టివర్డ్‌కు ఇచ్చి రావడం మేలు. రైల్లోనో బస్సులోనో తిరిగి వచ్చేవాళ్ళకు ఈ బాధ లేదు.